చేప మూతికి బ్రిసిల్ వర్మ్ ముళ్లు గుచ్చుకుంటే

ఉప్పునీటి అక్వేరియంలో పొద్దున్నే చేప మూతి చుట్టూ తెల్లని నూగు కనిపిస్తే, వెంటనే ఫంగస్ అనుకుని మందు పోయకండి. రాళ్ల సందుల్లో దాక్కునే బ్రిసిల్ వర్మ్‌ను, అంటే ఒంటినిండా సన్నని ముళ్లుండే సముద్రపు పురుగును, చేప కొరికి ఉండొచ్చు. దాని ముళ్లు దూలగొండి నూగులాంటివి, గుచ్చుకోగానే విరిగిపోతాయి.

పట్టకారుతో లాగకండి. ఆ ముళ్లు సున్నపు పదార్థం, బాగా పెళుసు. లాగితే ముక్క లోపలే ఉండిపోతుంది. పైగా వలలో పట్టేసరికి చేప ఒంటి మీది జిగురు పొర ఊడుతుంది. ముళ్లకన్నా ఆ హానే ఎక్కువ. చాలాసార్లు కొద్ది రోజుల్లో అవే రాలిపోతాయి.

మీ శ్రద్ధంతా నీళ్ల మీద పెట్టండి. 10–15 శాతం నీళ్లు మార్చండి. కొత్త నీటి ఉప్పదనం, వేడి ట్యాంకుతో సరిపోవాలి. సాధారణంగా ఉప్పదనం చూపే సాపేక్ష సాంద్రత 1.025, వేడి 25–26 డిగ్రీల సెల్సియస్. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. మెత్తటి మైసిస్ (చేపల మేతగా వాడే చిట్టి రొయ్యలు) కొద్దికొద్దిగా రోజుకు రెండు మూడుసార్లు వేయండి.

వాపు పెరిగినా, పుండు పడినా, మేత మానేసినా 40 లీటర్ల విడి ట్యాంకులోకి మార్చండి. స్పాంజ్ ఫిల్టరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క చాలు. యాంటీబయాటిక్ అవసరమైతే అక్కడే, పశువైద్యులు చెప్పిన మోతాదులోనే. ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసేయండి, మందును పీల్చేస్తుంది.

పురుగులన్నిటినీ చంపకండి, చాలావరకు మిగిలిన మేత తిని శుభ్రం చేసేవే. బాగా పెద్దదాన్ని మాత్రం రాత్రి రొయ్య ముక్క ఎరవేసి పట్టండి, గ్లౌజులు తప్పనిసరి.