సీసా మీద సజోర్-కాజు అని ఉంటే సరిపోదు

మా షెడ్ వికారాబాద్ దగ్గర. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతాం, పక్క గదిలో స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) తయారు చేస్తాం. ఒకసారి రెండు చోట్ల నుంచి రెండు మదర్ కల్చర్లు (స్పాన్ చేయడానికి వాడే మూల బూజు) తెచ్చాం. ఒక సీసా మీద ‘ఫ్లోరిడా’, ఇంకో సీసా మీద ‘సజోర్-కాజు’ అని రాసి ఉంది. కోతకొచ్చాక మా దగ్గర పనిచేసే ఆమె రెండు బుట్టలూ చూసి, “అన్నా, ఇవి రెండూ ఒకటే కదా” అంది. తేల్చుకోవడానికి నేను పడ్డ దారి ఇది. పెంపకం రకాలకే పనికొస్తుంది, అడవిలో దొరికినవాటిని ఇలా పోల్చి తినకండి.

ముందు పేరు సంగతి. మన దేశంలో 1974 ప్రాంతంలో హిమాలయాల దిగువన దొరికిన చిప్ప పుట్టగొడుగును పెంచడం మొదలుపెట్టినప్పుడు దానికి సజోర్-కాజు పేరు పడింది. అసలు సజోర్-కాజు లెంటైనస్ ప్రజాతిది, దాని కాడకు ఉంగరం లాంటి పొర ఉంటుంది. మనం ఆ పేరుతో అమ్మేది ప్లూరోటస్ పల్మొనేరియస్. ఫ్లోరిడా అనేది ప్లూరోటస్ ఆస్ట్రియేటస్‌లోనే ఒక రకం.

రెండింటినీ పక్కపక్కనే పెంచండి. ఒకే గడ్డి, ఒకే బరువు సంచి, ఒకే రోజు స్పాన్. డిసెంబరు చలిలో ఒక విడత, మార్చిలో ఒక విడత వేసి, పిన్‌హెడ్స్ (గుండుసూది తలంత మొగ్గలు) ఎన్నో రోజుకు వచ్చాయో రాసుకోండి. ఆస్ట్రియేటస్ చల్లదనం కోరుతుంది, పల్మొనేరియస్ వేడిలోనూ కాస్తుంది, ఫ్లోరిడా మామూలు ఆస్ట్రియేటస్ కన్నా వేడిని ఓర్చుకుంటుంది. కాడ పొడవునూ రంగునూ మాత్రం వెంటనే నమ్మకండి. గాలి ఆడని గదిలో ఏ చిప్పకైనా కాడ సాగి, గొడుగు గోళీ అంతే ఉండిపోతుంది. చలికీ వెలుతురుకీ రంగు ముదురుతుంది. మొదటి విడతలో నేను మోసపోయింది ఇక్కడే: ఒక వరస సంచులు కిటికీ పక్కన, రెండోది మూలన పెట్టాను.

తర్వాత గొడుగు కోసి, రేకులు కిందికి వచ్చేలా సగం తెల్ల కాగితం మీద, సగం నల్ల కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. రేకుల నుంచి రాలే బీజాల పొడి ముద్ర దట్టంగా పడితేనే రంగు తెలుస్తుంది. పల్మొనేరియస్‌ది ఎక్కువగా తెలుపు, ఆస్ట్రియేటస్‌లో లేత ఊదా ఛాయ కనిపించవచ్చు. మాస్క్ తప్పనిసరి, ఆ పొడి పీలిస్తే దగ్గు పట్టుకుంటుంది.

నాకు బాగా నచ్చేది జోడీ పరీక్ష. ఆ పొడిని శుభ్రమైన నీళ్లలో పలచన చేసి అగర్ (బూజు పెరిగే జెల్లీ) పోసిన ప్లేటు మీద పరిచి, విడివిడిగా మొలిచిన బూజును వేర్వేరు ప్లేట్లకు మార్చండి. మైక్రోస్కోపు కింద పోగుల్లో కణుపుల దగ్గర చిన్న కొక్కేలు లేకపోతే, అది ఒక్క బీజం నుంచి వచ్చిందే. ఇప్పుడు ఫ్లోరిడా సీసా బూజునూ సజోర్-కాజు సీసా బూజునూ ఒకే ప్లేటులో దగ్గర దగ్గరగా నాటండి. రెండూ కలిశాక, కలిసిన చోట కాకుండా అవతలి అంచుల నుంచి కొంచెం తీసి చూడండి. కొక్కేలు కనిపిస్తే ఒకే జాతి. ఆస్ట్రియేటస్, పల్మొనేరియస్ మధ్య అవి ఏర్పడవు. ఒక్క జోడీతో ఆగకండి, ఒకే తల్లి బీజాల్లో కూడా నాలుగింట ఒక జోడీయే కుదురుతుంది. నావి పన్నెండు జోడీలూ కుదిరాయి.

చివరికి డీఎన్ఏ. ప్లేటు మీది శుభ్రమైన బూజును ల్యాబుకు పంపి, ఐటీఎస్ అనే, జాతిని గుర్తుపట్టడానికి వాడే భాగాన్ని రెండు వైపుల నుంచీ చదివించండి. ఫలితంలో అక్షరాలతో పాటు గ్రాఫ్ కూడా అడగండి. ఒక్క బీజం నుంచి కాక మదర్ కల్చర్ నుంచి పెరిగిన బూజులో రెండు రకాల కేంద్రకాలు ఉంటాయి కాబట్టి కొన్ని చోట్ల రెండు శిఖరాలు ఒకదానిపై ఒకటి కనిపించవచ్చు, దాన్ని తప్పనుకోకండి. జెన్‌బ్యాంక్‌లో (డీఎన్ఏ వివరాలు దాచే ఆన్‌లైన్ ఖజానా) వెతికితే పైన వచ్చిన పేరునే రాసేసుకోవద్దు. అక్కడ కూడా సజోర్-కాజు పేరుతో పల్మొనేరియస్ చాలా ఉంది. ఎండబెట్టిన నమూనా దాచినట్టు రాసి ఉన్న ఎంట్రీలతో పోల్చండి. నా రెండు సీసాలూ పల్మొనేరియస్‌గానే తేలాయి.

ఫ్లోరిడాను మామూలు ఆస్ట్రియేటస్ నుంచి ఐటీఎస్ విడదీయలేదు, రెండూ ఒకే జాతి కనుక. అక్కడ మళ్లీ మార్చి సంచుల దగ్గరికే వెళ్లాలి. ప్రతి రకం నుంచి ఒక గుత్తి ఎండబెట్టి, డీఎన్ఏ ట్యూబు మీద వేసిన నంబరే దాని కవరు మీద కూడా వేసి దాచండి.