అణువిద్యుత్ పాఠానికి గుప్పెడు బియ్యం, 19 పెన్సిళ్లు

మన దేశంలో అణువిద్యుత్ ఎలా ఎదిగిందో పదో తరగతికి చెప్పబోతున్నారా? ముందే తేదీల జోలికి పోకండి. చాలా ఏళ్లు నేను తేదీలే చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, ఒక్కరూ ప్రశ్న అడగలేదు.

పది మందికి తలా వంద బియ్యపు గింజలు లెక్కపెట్టమనండి. అన్నీ ఒకే పళ్లెంలో పోసి, ఏడు గింజలు తీసేసి ఏడు మినుములు కలపండి. గనిలోంచి వచ్చే యురేనియం ఇలాగే ఉంటుంది. వెయ్యింట్లో ఏడే యు-235 అనే రకం, తేలిగ్గా చీలి శక్తినిచ్చేది అదే. మినుముల్ని ఏరమంటే చిటికెలో ఏరేస్తారు. అసలు యురేనియంలో మాత్రం రెండిటి రసాయన గుణం ఒకటే, బరువులోనే కాస్త తేడా. ఇంధనంలో యు-235 వాటా పెంచడానికి పెద్ద యంత్రాంగం కావాలి, 1960ల్లో మనకది లేదు. 1969లో మొదలైన అణువిద్యుత్ కేంద్రం తారాపూర్‌కు ఆ ఇంధనం అమెరికా నుంచే రావాల్సి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగండి. "ఏరకుండా అట్లాగే వాడుకోలేమా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా ముందుకెళ్లకండి.

వాడుకోవచ్చు, భారజలం (బరువైన హైడ్రోజన్ ఉండే నీరు) ఉంటే. యురేనియాన్ని చీల్చేవి న్యూట్రాన్లనే కణాలు. మామూలు నీరు వాటిని ఎక్కువగా మింగేస్తుంది, భారజలం వాటి వేగం తగ్గించి వదిలేస్తుంది. మన మణుగూరు దగ్గర గోదావరి నీళ్లలోంచి దాన్నే తీస్తారు.

ఇప్పుడు పెన్సిళ్లు. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఇంధన బండిల్ అమరిక ఇదే. అక్కడా ఇంధనం నింపిన ఆ గొట్టాల్ని పెన్సిళ్లనే అంటారు. అసలుది సుమారు అర మీటరు పొడవు, గొట్టాల సందుల్లోంచి భారజలం పారుతూ వేడిని మోసుకెళ్తుంది. 220 మెగావాట్ల రియాక్టర్లో 306 ఛానళ్లు (బండిళ్లను వరసగా పెట్టే పెద్ద గొట్టాలు), ఒక్కో దాంట్లో 12 బండిళ్లు. గుణకారం పిల్లల్నే చేయనివ్వండి. 3,672 అని బోర్డు మీద పడగానే తరగతి నిశ్శబ్దమైపోతుంది.

తేదీలు ఇప్పుడు చెప్పండి, నిలబడతాయి. రాజస్థాన్‌లో భారజలం రియాక్టర్లు కట్టడానికి సాయం చేస్తున్న కెనడా, 1974 పోఖ్రాన్ అణుపరీక్ష తర్వాత చేయి వదిలేసింది. రావత్‌భాటా (ఆ రాజస్థాన్ కేంద్రం) రెండో రియాక్టర్‌ను మనవాళ్లే పూర్తిచేశారు. 1983లో తమిళనాడు కల్పాక్కంలో రియాక్టర్ మొదలైంది, 2020లో గుజరాత్ కాక్రాపార్‌లో 700 మెగావాట్లది.

పళ్లెం మాత్రం పారబోయకండి. మర్నాటి పాఠం ఆ 993 తెల్ల గింజలదే. రియాక్టర్లో వాటిలో కొన్ని ప్లుటోనియంగా మారతాయి, కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్‌కు (వాడుకుంటూనే కొత్త ఇంధనాన్ని పుట్టించే రియాక్టర్‌కు) కావాల్సింది అదే.