షుగర్ ఉండి లివర్‌లో కొవ్వు కూడా ఉంటే: నడకలో వచ్చే చిక్కులు, వాటికి దారులు

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి లివర్‌లో కొవ్వు ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి, వేరే దేనికో తీసిన స్కానింగ్‌లో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని వచ్చేదాకా చాలామందికి తెలియదు. డాక్టర్ నడవమంటారు. అక్కడి నుంచి మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఎక్కువగా వినబడే ఇబ్బందులు ఇవి.

‘రాత్రి జొన్న రొట్టే తిన్నా, పరగడుపు షుగర్ ఎక్కువే’

కారణం: మనం పడుకున్నాక కూడా లివర్ సొంతంగా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. చాలు, ఆపమని చెప్పేది ఇన్సులిన్. కొవ్వు పట్టిన లివర్ ఆ మాట సరిగ్గా వినదు. ఇన్సులిన్ పట్టు తప్పితే ఒంట్లోని కొవ్వు కూడా కరిగి లివర్‌కే చేరుతుంది. అలా షుగర్, లివర్ కొవ్వు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

పరిష్కారం: నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్‌తో పెద్దగా పని లేకుండానే గ్లూకోజ్‌ను తీసుకుంటాయి. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులే ఉంటుంది. అందుకే వారానికి కనీసం 150 నిమిషాలు నడవాలి, వరుసగా రెండు రోజులకు మించి ఆపకూడదు. పానగల్ ఉదయ సముద్రం చెరువు కట్ట మీద ముచ్చట్లు పెట్టుకుంటూ మెల్లగా నడిస్తే సరిపోదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగం.

‘రోజూ నడుస్తున్నా, బరువు దిగలేదు’

ఎక్కువమంది నడక మానేసేది ఇక్కడే. నాకు బాధ కలిగించేదీ ఇదే, ఎందుకంటే బరువు దిగకపోయినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. ఎమ్మారై స్కాన్లతో కొలిచి చేసిన పరిశోధనల్లో ఇది తేలింది. పనిచేసే కండరం కొవ్వును ఖర్చు చేస్తుంది, లివర్‌కు చేరేది తగ్గుతుంది, లివర్ కొత్తగా కొవ్వు తయారుచేయడమూ తగ్గుతుంది. కాటా మీద ఇదేమీ కనబడదు. మామూలు అల్ట్రాసౌండ్‌లో కూడా చిన్న మార్పులు దొరకవు, కాబట్టి ‘గ్రేడ్’ మారలేదని నిరాశపడొద్దు. కనీసం మూడు నెలలు వదలకుండా నడిచి, నడుము కొలత, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూసుకోండి.

బరువు కూడా తగ్గితే ఇంకా మేలు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే లివర్ కొవ్వు బాగా తగ్గుతుంది. 6 నుంచి 8 కిలోలు తగ్గితే లివర్ వాపు కూడా నెమ్మదిస్తుంది. దానికి కంచంలో అన్నం తగ్గాలి, నడక ఒక్కటే చాలదు.

‘పొద్దంతా పొలం పనే, ఇంకా నడవాలా?’

గడ్డపార పట్టి తవ్వినప్పుడు ఊపిరి వేగం పెరుగుతుంది, అది లెక్కలోకి వస్తుంది. పత్తి ఏరడంలో ఒళ్లు అలుస్తుంది గానీ గుండె వేగం అంతగా పెరగదు. అలాంటి రోజుల్లో, పని లేని నెలల్లో, తిన్నాక 10–15 నిమిషాలు చురుగ్గా నడవండి. ఎండాకాలం పొద్దుగాలే ముగించాలి.

మోకాళ్లు, నడుము పట్టేస్తే

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లున్నారు. వాళ్లను ‘నడవండి’ అని ఊరికే చెప్పడం అన్యాయం. సైకిల్ తొక్కగలిగితే అదీ ఇంతే మేలు చేస్తుంది. అదీ కుదరకపోతే కుర్చీలో కూర్చుని చేతులు, కాళ్లు వేగంగా ఆడించాలి, పది పది నిమిషాలుగా.

నడుస్తుండగా వణుకు, చెమట, కళ్లు తిరగడం

గ్లిమెపిరైడ్ గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్లలో షుగర్ 70 కంటే కిందికి పడిపోయి ఉండొచ్చు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. తరచూ ఇలా అవుతుంటే మందు మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలి, నడక మానేయకూడదు.

కల్లు తాగిన రోజు ఇంకా జాగ్రత్త. కల్లులోని ఆల్కహాల్ లివర్‌ను గ్లూకోజ్ తయారుచేయనివ్వదు. గంటల తర్వాత, నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు, పక్కనున్నవాళ్లు తాగిన మత్తనుకుని వదిలేస్తారు. లివర్‌లో కొవ్వున్నవాళ్లు మద్యం, కల్లు పూర్తిగా మానాలి.

‘ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చింది, ఇక చాలు కదా?’

చాలదు. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి లివర్ రక్తపరీక్షలు; ఎస్‌జీపీటీ బాగున్నా లోపల కొవ్వు, మచ్చలు ఉండొచ్చు. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్యతో ఫిబ్-4 (లివర్‌లో మచ్చల ప్రమాదం అంచనా వేసే లెక్క) కట్టమని అడగండి. 1.3 లోపు ఉంటే భయం తక్కువ. 65 ఏళ్లు దాటినవాళ్లకు ఆ హద్దు 2 అనుకోవాలి. 2.67 దాటితే లివర్ డాక్టర్‌ను కలవాలి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయిస్తారు.

నడక ఆపి దవాఖానకు వెళ్లాల్సినవి

కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, నల్లటి విరేచనాలు, నడిచేటప్పుడు ఛాతీలో బరువు. అరికాలిలో పుండుంటే మానేదాకా కూర్చుని చేసే వ్యాయామమే చేయాలి. కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు వేగం పెంచే ముందు కంటి డాక్టర్‌ను అడగాలి.