మార్చి హడావుడిలో సర్వర్ కొనే ముందు

ఫిబ్రవరి వచ్చిందంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల నుంచి, మాదాపూర్ సేల్స్ ఆఫీసుల నుంచి కొటేషన్లు వచ్చి పడుతుంటాయి. "మార్చి 31 లోపు బిల్లు చేయించుకోండి సార్, తరుగుదల కలిసొస్తుంది" అని ఫోన్లు కూడా. ఆ మాటలో సగమే నిజం. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్లకు తరుగుదల, అంటే పాతబడే సామాను విలువలో ఏటా ఖర్చుగా చూపుకోనిచ్చే భాగం, 40 శాతం. కానీ కొన్న ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే 20 శాతమే ఇస్తారు. అది కూడా వాడకంలోకి వచ్చి ఉండాలి. మార్చి 28న దిగి, అట్టపెట్టె కూడా విప్పకుండా మూలన కూర్చున్న సర్వర్‌కి ఆ ఏడాది ఏమీ రాదు. పన్ను కోసమని తొందరపడొద్దు.

అసలు ప్రమాదం కొటేషన్లను పక్కపక్కన పెట్టి చూడటంలోనే ఉంది. సొంత సర్వర్‌కి ఒకేసారి ఆరు లక్షలు అంటారు. డేటా సెంటర్‌లో మన మెషిన్ పెట్టుకునే కొలొకేషన్‌కి నెలకింత అంటారు. వేరే కంపెనీ సర్వర్లను ఇంటర్నెట్ మీద అద్దెకు వాడుకునే క్లౌడ్‌కైతే గంటల లెక్క. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేయాలంటే ముందు కాలం ఒకటే పెట్టుకోవాలి, ఐదేళ్లంటే అన్నిటికీ ఐదేళ్లే. బ్యాకప్, పనిచేసే గంటలు కూడా ఒకేలా ఉండాలి. పాత సర్వర్‌కి అప్పట్లో ఎంత పెట్టామన్నది మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఆ డబ్బు ఎప్పుడో పోయింది.

సొంత సర్వర్ దగ్గర గుర్తుంచుకోవాల్సింది మన ఊరి సామెతే: చారాణా కోడికి బారాణా మసాలా. సర్వర్, దాని వాటా ఏసీ కలిపి ఒక కిలోవాట్ లాగుతాయనుకుందాం. రాత్రీపగలూ నడిస్తే ఏడాదికి 8,760 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా రూ. 87,600. యూపీఎస్ బ్యాటరీలు మూడు నుంచి ఐదేళ్లకు మార్చాల్సిందే. మన మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో పెడితే ఇంకా ముందే పోతాయి. రెండో ఇంటర్నెట్ లైన్, వారంటీ అయ్యాక ఏఎంసీ (ఏటా కట్టే మరమ్మతు ఒప్పందం), రాత్రి పదకొండుకు ఫోన్ ఎత్తే మనిషి, ఇవేవీ కొటేషన్‌లో ఉండవు. మనిషి జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా అంటారు చాలామంది ఓనర్లు. అతని నెలలో పది రోజులు సర్వర్‌కే పోతుంటే ఆ పది రోజుల జీతం సర్వర్ ఖర్చే.

ఇక చోటు. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో ఎన్నో సెల్లార్లు మునిగాయి. నాకు తెలిసిన ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో సర్వర్ పై అంతస్తులో పొడిగానే ఉంది. సెల్లార్‌లోని యూపీఎస్, జనరేటర్ ప్యానెల్ మాత్రం నీళ్లలో. నాలుగు రోజులు బిల్లింగ్ లేదు. సర్వర్ ఎక్కడ పెడతారన్నది అందరూ అడుగుతారు, దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు.

ఇప్పుడు లెక్క. నావి ఉదాహరణ అంకెలే, మీవి వేసుకోండి. సొంతానికి: సర్వర్ ఆరు లక్షలు, ఏడాదికి కరెంటు 87,600, మనిషి వాటా 1,80,000, రెండో లైన్ 60,000, మూడో ఏడాదిలో బ్యాటరీలకు 60,000, నాలుగు, అయిదు ఏళ్లలో ఏఎంసీకి 70,000 చొప్పున. ఐదేళ్లకు 24.38 లక్షలు. క్లౌడ్‌కి: తరలింపు లక్ష, నెలకు 38,000, మనిషి వాటా సగం. మొత్తం 28.30 లక్షలు. సొంతానిదే గెలుపనిపిస్తుంది, తేడా 3.92 లక్షలు.

కానీ చిట్టీ పాడుకునేవాళ్లకు తెలుసు, ఈరోజు లక్షా ఐదేళ్ల తర్వాత లక్షా ఒకటి కావు. ముందే డబ్బు కావాలంటే కొంత వదులుకునే కదా పాట పాడతాం. ఏటా పది శాతం చొప్పున తగ్గిస్తే ఐదేళ్ల తర్వాతి లక్ష ఈరోజు సుమారు 62,000. అలా అన్నిటినీ నేటి విలువకు తెస్తే సొంతం 19.78 లక్షలు, క్లౌడ్ 21.70 లక్షలు. తేడా సగానికి పడిపోయింది. పాడైతే వెంటనే నిలబెట్టడానికి రెండో సర్వర్ కూడా కొంటే ఇంకో ఆరు లక్షలు, గెలుపు క్లౌడ్‌వైపు మారిపోతుంది. ఇలా ఒక్కో అంకెనూ కదిపి చూడకుండా సంతకం పెట్టొద్దు.

క్లౌడ్‌వైపు గుంతలు వేరు. ధరలు చాలావరకు డాలర్లలో నిర్ణయిస్తారు. 2022 మొదట్లో డాలర్ రూ. 74 దగ్గర ఉంటే 2023 చివరికి 83 దాటింది. వాడకం పెరగకుండానే బిల్లు పెరుగుతుంది. అమెజాన్ తన క్లౌడ్‌కి 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది, అయినా ఊళ్లో ఉంది కదా చవక అనుకోకండి, ముంబై రీజియన్ రేటు కూడా అడగండి. కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్‌లు (సిస్టమ్‌లో ఏం జరిగిందో రాసే రికార్డులు) 180 రోజులు దాచాలి, ఆ స్టోరేజీ ఖర్చు రాసుకోండి. స్కూలు, ఆసుపత్రి లాంటి జీఎస్టీ మినహాయింపు సంస్థలకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకోవడం) ఉండదు కాబట్టి 18 శాతం నేరుగా ఖర్చులోకే. టెస్టింగ్ సర్వర్లను రోజుకు 12 గంటలు, వారానికి ఆరు రోజులే నడిపితే 168 గంటల్లో 72 గంటలే. అయితే ఆపేవాళ్లెవరో పేరు రాసి పెట్టండి, లేకపోతే ఎవరూ ఆపరు.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది బయటపడే ఖర్చు. క్లౌడ్ నుంచి డేటా బయటకు తీస్తే జీబీ లెక్కన చార్జీ ఉంటుంది. 2024లో గూగుల్, అమెజాన్ పూర్తిగా వెళ్లిపోయేవాళ్లకు దాన్ని మాఫీ చేస్తామన్నాయి కానీ ముందు దరఖాస్తు చేసుకోవాలి, రోజువారీ డౌన్‌లోడ్లకు వర్తించదు. సొంత సర్వర్‌కైతే డిస్కులు సరిగా చెరిపించి, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సంస్థకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. పాత సామాన్ల బండికి వేస్తే కస్టమర్ల డేటా కూడా దాంతోపాటే వెళ్తుంది.

కొలొకేషన్ ఒప్పందంలో అయితే మూడు చోట్ల ఎర్ర పెన్నుతో గీత పెట్టండి: ఏటా అద్దె పెంపు శాతం, గడువుకు ముందే ఖాళీ చేస్తే కట్టాల్సింది, బకాయి ఉంటే మన మెషిన్‌ని బయటకు తీయనిస్తారా లేదా. మూడోది కాగితం మీద లేకపోతే రాయించాకే అడ్వాన్స్ ఇవ్వండి.