ఏడడుగులలో ఆరవ అడుగు: దాంపత్యం, పిల్లల పెంపకం, ప్రకృతికి బరువు కాని సంసారం

పెళ్ళిపీటల మీద మనం ఇచ్చిన మాటల్లో చాలావాటిని మనమే సరిగా వినలేదు. సన్నాయి, బంధువుల కోలాహలం, ఫోటోలు తీసేవారి సూచనలు, వీటన్నిటి మధ్య పురోహితుడు గారు చదివే సప్తపది మంత్రాలు చెవిన పడకుండానే ఏడడుగులూ పూర్తయిపోతాయి. పెళ్ళి వంటి కర్మలు ఎలా చేయాలో చెప్పే ఆపస్తంబ సూత్రాన్ని పాటించే ఇళ్ళలో ఆ మంత్రాల వరుస ఇది: మొదటి అడుగు అన్నం కోసం, రెండవది బలం కోసం, మూడవది వ్రతం కోసం, నాల్గవది సుఖం కోసం, ఐదవది పశువుల కోసం, ఆరవది ఋతువుల కోసం, ఏడవది యజ్ఞం నడిపే హోతల కోసం. ఏడవ అడుగు పడ్డాక వరుడు వధువుతో "సఖా సప్తపదా భవ" అంటాడు. కలిసి ఏడడుగులు నడిచాం, ఇక నాకు నేస్తానివి కావాలి అని దాని భావం.

పశువులూ ఋతువులూ పెళ్ళి మంత్రంలోనే ఉన్నాయని తెలిసిన రోజు నాకు చాలా విషయాలు స్పష్టమయ్యాయి. భార్యాభర్తల అన్యోన్యత ఒకటి, పిల్లల పెంపకం ఇంకొకటి, పర్యావరణం మరొకటి అని మనం మూడు గదులుగా విడదీసుకున్నాం గాని, మన పూర్వులు వాటిని ఒకే వాక్యంలో చెప్పుకున్నారు. నిత్యపూజ ఉన్న ఇంట్లో ఈ మూడింటినీ ఒకేచోట ఎలా సాగించవచ్చో, మా ఇంట్లో నిలిచిన పద్ధతులను బట్టి ఇక్కడ రాస్తున్నాను.

సందె దీపం ఇద్దరిదీ

అన్నిటికన్నా ముందు ఒక్క వేళను పట్టుకోండి. ఉదయం పూజ అందరికీ కుదరదు. బడి బస్సు, ఆఫీసు, వంట అన్నీ ఆ గంటలోనే ఉంటాయి. సాయంత్రం దీపం పెట్టే వేళ కుదురుతుంది. ఇద్దరిలో ఎవరైనా ఆలస్యంగా ఇల్లు చేరే ఉద్యోగమైతే, అసురసంధ్య దాటిపోయినా ఫరవాలేదు, ఇద్దరూ ఇంట్లో ఉన్న సమయాన్నే ఆ ఇంటి దీపం వేళగా పెట్టుకోండి. ఫోన్లు వేరే గదిలో ఉంచి, పది నిమిషాలు చాలు అనుకుని మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్ళలో పూజ అంటే ఇల్లాలికి అదనపు చాకిరీ. ఆమె తెల్లవారుజామున లేచి, కుందులు తోమి, పువ్వులు కోసి, నైవేద్యం వండి, అన్నీ అమర్చాక, ఆయన పట్టుపంచె కట్టుకుని వచ్చి సంకల్పానికి కూర్చుంటాడు. ఆ సంకల్పంలోనే "ధర్మపత్నీ సమేతస్య" అన్న మాట ఉంది. సీతమ్మ దగ్గర లేనప్పుడు శ్రీరాముడు అశ్వమేధానికి ఆమె బంగారు ప్రతిమను పక్కన పెట్టుకున్నాడని కథ వింటాం. పక్కన ఉండటం అంటే పీట మీద ఉండటం ఒక్కటే కాదు, పనిలో ఉండటం. కాబట్టి పూజ పనిని ఇద్దరూ పంచుకోండి. కుందులు తోమడం, వత్తులు చేయడం, దేవుడి గది తుడవడం భర్త వంతుగా పెట్టండి. వంట ఒక రోజు ఆయన చేస్తే ఆ రోజు నైవేద్యం కూడా ఆయన చేతిదే అవుతుంది.

వత్తులు చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని దానిలో నేర్పు ఉంది. గింజ తీసిన దూదిని కొద్దిగా లాగి, వేళ్ళకు విభూతి అద్దుకుని, అరచేతిలో గాని మోకాలి మీద గాని ఒకే దిశలో తిప్పాలి. మొదట్లో నావి ఒకచోట లావుగా, ఒకచోట దారంలా వచ్చి, నూనె పీల్చక కొడిగట్టేవి. ఒకసారి నేనూ మా ఆవిడా ఒక బంధువు పెళ్ళి ఖర్చు విషయంలో మాట పట్టింపుకు పోయి రెండు రోజులు సరిగా మాట్లాడుకోలేదు. ఆ రెండో సాయంత్రం నేను చేసిన వత్తి మూడుసార్లు ఆరిపోయింది. ఆవిడ ఏమీ అనకుండా దాన్ని తీసి, విప్పి, మళ్ళీ తిప్పి నా చేతికి ఇచ్చింది. దీపం వెలిగాక మాటలు వాటంతట అవే వచ్చాయి. కోపంగా ఉన్న రోజున కూడా దీపం ఇద్దరూ కలిసే పెట్టాలని మేము ఒక నియమం పెట్టుకున్నాం. మాట్లాడాలన్న నిబంధన మాత్రం లేదు.

నాతిచరామి అన్న మాటకు లెక్కలున్నాయి

కన్యాదానం వేళ "ధర్మేచ, అర్థేచ, కామేచ" అని ఆమెను అతిక్రమించకూడదని అడిగితే వరుడు "నాతిచరామి" అని ఒప్పుకుంటాడు. ఇందులో మధ్యనున్న అర్థం అంటే డబ్బు. ఇంటి ఆదాయం, అప్పులు, పుట్టింటికీ అత్తింటికీ పంపే మొత్తాలు ఇద్దరికీ తెలియకుండా ఉంటే ఆ మాట తప్పినట్టే. నెలకొకసారి, పౌర్ణమి నాడో జీతం వచ్చిన మరునాడో, దీపం పెట్టాక లెక్కల పుస్తకం తీసి ఇద్దరూ చూసుకోండి. శ్రావణ మాసానికి ముందు పండుగల ఖర్చు ఎంతవరకు అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. అప్పుచేసి చేసే వ్రతం మనసుకు శాంతినివ్వదు.

పెళ్ళిరోజున హోటల్ భోజనం మానుకోమని అనను. దానికి ముందు సప్తపది మంత్రాలను అర్థంతో సహా ఒకసారి చదువుకోండి. మీ పురోహితుడు గారిని అడిగితే మీ ఇంటి సూత్రం ప్రకారం రాసిస్తారు. ఏడింటిలో ఈ ఏడాది ఏ అడుగు దగ్గర మనం తడబడ్డాం అని ఒకరినొకరు అడగండి. జవాబును ఖండించకుండా వినడం కష్టమే. అయినా ఆ ఒక్క రోజు వినండి.

ఓర్పు గురించి పెద్దలు చెప్పేది నిజమే గాని, ఓర్పు పేరుతో దెబ్బలను భరించమని ధర్మం చెప్పదు. ఇంట్లో హింస ఉంటే అది వ్రతాలతో తీరే సమస్య కాదు. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయాలి, నమ్మకమైన పెద్దలకు చెప్పాలి.

పిల్లలకు దేవుణ్ణి చూపించి భయపెట్టకండి

"అలా చేస్తే కళ్ళు పోతాయి" అనే మాట మన ఇళ్ళలో ఎంత సులువుగా వస్తుందో అందరికీ తెలుసు. ప్రసాదం కింద పడితే, కాలు పుస్తకానికి తగిలితే, అబద్ధం ఆడితే, అన్నిటికీ అదే శిక్ష. ఈ మాటను ఇంట్లో పూర్తిగా మానేయండి. శిక్షించేవాడిగా దేవుణ్ణి పరిచయం చేస్తే, భయం పోయిన వయసులో పిల్లలు దేవుణ్ణి కూడా వదిలేస్తారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం ఎందుకో చెప్పండి: చదువు ఇచ్చిన వస్తువు కనుక. అన్నం పారేయకూడదన్నది కూడా ఇలాగే చెప్పాలి. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని మనం అంటాం. దాన్ని పాటించే పద్ధతి, పిల్లవాడి కంచంలో మొదట తక్కువగా వడ్డించి, అడిగినప్పుడు మళ్ళీ వేయడం. నిండా వడ్డించి చివరి ముద్ద దాకా తినమని బలవంతపెట్టడం అన్నానికి గౌరవమూ కాదు, పిల్లలకు మంచిదీ కాదు.

పిల్లలకు ఉపదేశం కన్నా పని ఇవ్వండి, అది ఆటవస్తువు లాంటి పని కాకుండా నిజమైన పని అయి ఉండాలి. నాలుగైదేళ్ళ పిల్లలు తులసి కోటకు చెంబుతో నీళ్ళు పోయగలరు, కిటికీ దగ్గర పక్షుల కోసం గింజలూ నీళ్ళూ పెట్టగలరు. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు రాతిపిండి బదులు బియ్యప్పిండి వాడి, మధ్యాహ్నానికి చీమలు వచ్చి దాన్ని ఎలా మోసుకుపోతున్నాయో వారికి చూపించండి. గృహస్థు రోజూ చేయవలసిన పంచ మహాయజ్ఞాలలో భూతయజ్ఞం అంటే ప్రాణులకు ఆహారం పెట్టడమే. ఆ మాట పిల్లలకు చెప్పకపోయినా ఆ పని వారి చేతికి అలవాటవుతుంది. పదేళ్ళు దాటిన పిల్లలకు దీపం వెలిగించే బాధ్యత ఇవ్వవచ్చు, పెద్దలు పక్కనే ఉండి, వదులైన ఓణీలు, చున్నీలు దూరంగా ఉండేలా చూసుకుంటే చాలు.

"దేవుడు కనిపించడు కదా" అని పిల్లలు అడిగినప్పుడు కసరకండి. మీరు ఎందుకు నమ్ముతున్నారో నాలుగు వాక్యాల్లో నిజాయితీగా చెప్పండి, తెలియనిది తెలియదని ఒప్పుకోండి. యౌవనంలోకి వచ్చిన కొడుకో కూతురో పూజకు రానంటే ఇంట్లో యుద్ధం వద్దు. దీపం పెట్టాక అందరూ కలిసి కూర్చుని తినే భోజనానికి మాత్రం రావాలని అడగండి; మా అనుభవంలో ఆ ఒక్క నియమమే చివరికి తలుపు తెరిచి ఉంచుతుంది. తప్పు మీదైనప్పుడు పిల్లలను క్షమించమని అడగడానికి సంకోచించకండి.

పూజగదిలోకి వచ్చేవి, అక్కడి నుంచి పోయేవి

ఒక వారం పాటు మీ పూజగదిలోకి ఏమేమి వస్తున్నాయో గమనించండి. ప్లాస్టిక్ కవర్లలో పువ్వులు, ప్లాస్టిక్ డబ్బాలో కుంకుమ, ప్యాకెట్లో నూనె, పెట్టెలో అగరుబత్తులు. దీపారాధన నూనె అని అమ్మే కొన్ని ప్యాకెట్ల మీద తినడానికి పనికిరాదని రాసి ఉంటుంది. మనం తినలేని నూనెను దేవుడి ముందు వెలిగించడం నాకు నచ్చదు. వంటకు వాడే నువ్వుల నూనే కొద్దిగా పోసి, ఒకే దీపం పెడితే సరిపోతుంది. తలుపులు మూసిన చిన్న ఫ్లాట్లలో అగరుబత్తి, కర్పూరం పొగ పసిపిల్లలకూ ఉబ్బసం ఉన్నవారికీ ఇబ్బంది కలిగిస్తుంది గనుక కిటికీ తెరిచి ఉంచండి, లేదా ఆ రెంటినీ పండుగ రోజులకే పరిమితం చేయండి. ఇత్తడి, రాగి సామాను తోమడానికి పులుసు పిండిన చింతపండు పిప్పి, కొద్దిగా ఉప్పు చాలు. వెండికి కుంకుడుకాయ రసం పనికివస్తుంది.

నిర్మాల్యం విషయం కొంచెం వివరంగా చెప్పాలి. వాడిన పువ్వులను కాలితో తొక్కకూడదన్న భక్తితోనే మనం వాటిని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి చెరువులోనో కాలువలోనో వేస్తాం. నీటిలో అవి కుళ్ళుతూ నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి, సంచి అలాగే మిగులుతుంది. దీనికి బదులు అడుగునా పక్కలా చిన్న చిల్లులున్న మట్టికుండ ఒకటి తీసుకోండి. అడుగున ఎండుటాకులు గాని కొబ్బరి పీచు పొట్టు గాని పరిచి, దండల్లోని దారం, జరీ తీసేసిన పువ్వులను తుంచి వేసి, పైన మళ్ళీ ఎండుటాకులు కప్పండి. పచ్చివి ఒక వంతు అయితే ఎండువి రెండు వంతులు ఉండాలి. వారానికొకసారి పులిసిన మజ్జిగ చిలకరించి, కర్రతో కలియబెట్టండి. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు కలపండి. రెండు మూడు నెలల్లో అది నల్లటి ఎరువై, దానితో పెంచిన బంతి, మందార మళ్ళీ పూజకు వస్తాయి. బియ్యం కడిగిన నీళ్ళు కూడా ఆ మొక్కలకే పోయండి.

శ్రావణ శుక్రవారం తాంబూలాలను చూడండి. పేరంటానికి వెళ్ళివచ్చిన రాత్రి మా మంచం మీద పదకొండు సంచులు చేరాయి: ప్రతి దానిలో నానబెట్టిన శనగలు ఒక కవరులో, రవికెల గుడ్డ మరో కవరులో, ఎవరికీ అక్కరలేని ప్లాస్టిక్ డబ్బా ఒకటి. మరుసటి ఏడాది నుంచి మేము శనగలను అరటి ఆకులో కట్టి, ఆకు, వక్క, పండుతో పాటు తులసి మొక్క గాని గుడ్డసంచి గాని ఇస్తున్నాం. 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, అలంకరణకు వాడే థర్మోకోల్ అదే ఏడాది జూలై 1 నుంచే నిషిద్ధం. కార్తిక వనభోజనాలకు అడ్డాకు, మోదుగాకు విస్తళ్ళు, పోలి పాడ్యమికి నీళ్ళలో వదిలే దీపాలకు అరటి దొప్పలు వాడితే చట్టమూ ఆచారమూ రెండూ నిలుస్తాయి.

వినాయక చవితి ఒక్కటి సరిగా చేస్తే

పిల్లలు పెద్దయ్యాక గుర్తుంచుకునే పండుగ ఇదే, అందుకే దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు కూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో చెప్పింది. 2022లో ఖైరతాబాద్ మహాగణపతినే యాభై అడుగుల ఎత్తున మట్టితో చేశారు. అంత పెద్ద విగ్రహమే మట్టితో సాధ్యమైనప్పుడు మన పీట మీది జానెడు విగ్రహానికి ప్లాస్టర్, రంగులు ఎందుకు? నాలుగు రోజుల ముందే చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, జల్లించి, నీళ్ళు పోసి నానబెట్టి, పిల్లలతో కలిసి పిసకండి. తొండం వంకరపోయినా సరిదిద్దకండి. రంగుకు బదులు పసుపు, కుంకుమ అద్దండి. కళ్ళకు రెండు గురివింద గింజలు పెడతారు గాని, గురివింద విషపూరితం. చిన్నపిల్లలున్న ఇంట్లో మిరియాలు పెట్టండి.

పత్రి ఇరవై ఒక్కటీ దొరకాలన్న పట్టుదలతో కొమ్మలకు కొమ్మలు విరిచిన మూటలు కొనకండి. గరిక, తులసి, మామిడి, రావి, జమ్మి, రేగు లాంటివి దొరికినన్ని, ఒక్కొక్కటి రెండు మూడు ఆకులు చాలు, లేనివాటికి అక్షతలు వేయండి. ముందురోజు సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి ఏ ఆకు ఏ చెట్టుదో చూపిస్తూ కోస్తే, ఆ చెట్లు వారికి పేర్లతో తెలుస్తాయి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మాత్రం పెద్దవాళ్ళే కోయాలి. మూడూ విషపు మొక్కలు, జిల్లేడు పాలు కంటిలో పడితే ప్రమాదం. పూజ అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఉద్వాసన చెప్పాక పువ్వులూ పత్రీ వేరుచేసి నిర్మాల్యం కుండలో వేయండి. విగ్రహాన్ని పెద్ద బకెట్ నీటిలో మెల్లగా దించండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. కాల్చని మట్టి గనుక మరునాటికి పూర్తిగా కరిగిపోతుంది. పైన తేరిన నీళ్ళు మొక్కలకు పోసి, అడుగున మిగిలిన మట్టిని ఎండబెట్టి గుడ్డలో కట్టి దాచుకుంటే, వచ్చే ఏడాది విగ్రహానికి అదే మట్టి పనికివస్తుంది.