దోమలపెంట ఘాట్ దిగే జావా, యెజ్డీ వాళ్లకు

మన్ననూరు దాటి నల్లమలలోంచి శ్రీశైలం వెళ్లే పాత జావా, యెజ్డీ బైకుల వాళ్లకు ఒక మాట. దోమలపెంట దగ్గర ఆనకట్ట వైపు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి, గేరులోనే బండిని అలా జారనివ్వకండి. ఫోర్ స్ట్రోక్ బండికి ఆ అలవాటు మంచిదే, దీనికి కాదు.

ఇది టూ స్ట్రోక్. పిస్టన్‌కు అందే ఆయిల్ అంతా ట్యాంకులో పెట్రోలుతో కలిపి పోసిందే. యాక్సిలరేటర్ మూస్తే పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటు ఆయిలూ తగ్గుతుంది. చక్రాలు మాత్రం ఇంజిన్‌ను గిరగిరా తిప్పుతూనే ఉంటాయి. తడి లేని సిలిండర్‌లో పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. వంపులో అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అందుకే దిగుతూ మధ్యమధ్యలో క్లచ్ పట్టి యాక్సిలరేటర్ ఒకసారి కొద్దిగా తిప్పి వదలండి. సైలెన్సర్ నుంచి సన్నని నీలిపొగ వస్తే ఆయిల్ అందినట్టే. క్లచ్ పట్టినంతసేపూ బ్రేకు మీద కాలుండాలి. అసలే డ్రమ్ బ్రేకులు, ఎడతెగక తొక్కితే కాలిపోయి పట్టు వదిలేస్తాయి. మధ్యలో ఆగి చల్లారనివ్వండి.

ఆగాక కొత్తవాళ్లు కిక్ రాడ్ కోసం వెతుక్కుంటారు. గేరు మీటనే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్! ముందు న్యూట్రల్ చూసుకోండి. స్టార్టయ్యాక దాన్ని తిరిగి కిందికి దించితేనే గేరు పడుతుంది.