వైఫై ఉంది, పేజీలు మాత్రం రావడం లేదా? ముందు ప్రాక్సీ చూడండి

సమస్య: ల్యాప్‌టాప్‌లో వైఫై కనెక్టయ్యే ఉంది, ఏ సైటూ తెరుచుకోదు. అదే వైఫై మీద ఫోన్‌లో మాత్రం అన్నీ వస్తున్నాయి. క్రోమ్ అయితే ప్రాక్సీ సర్వర్‌లో ఏదో తేడా ఉందని తెర మీదే చెబుతుంది. ప్రాక్సీ అంటే బ్రౌజర్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడి పేజీలు తెచ్చిచ్చే మధ్యవర్తి. దయచేసి ఆ ఎర్రర్ చదవండి. ఫోన్‌లో నెట్ వస్తుంటే రూటర్ రీసెట్ చేయకండి, ఉన్న సెట్టింగులు కూడా పోతాయి.

కమాండ్ ప్రాంప్ట్‌లో ping 8.8.8.8 అని కొట్టండి. 8.8.8.8 గూగుల్ సర్వర్ అడ్రస్, పింగ్ అంటే అక్కడి నుంచి జవాబు వస్తుందో లేదో చూడటం. రిప్లై వస్తే లైను బాగున్నట్టే. పింగ్ ప్రాక్సీ గుండా వెళ్లదు, బ్రౌజర్ వెళ్తుంది. రిప్లై రాకపోతే ఇది వేరే సమస్య.

కారణం: విండోస్ 10, 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ తెరవండి. మాన్యువల్ ప్రాక్సీ ఆన్‌లో ఉండి, అడ్రస్ 127.0.0.1, పోర్ట్ 8080 లేదా 8888 లాంటిది కనిపిస్తే దొంగ దొరికినట్టే. 127.0.0.1 అంటే మీ కంప్యూటరే, పోర్ట్ అంటే అందులో ఒక ప్రోగ్రామ్ వాడుకునే తలుపు నంబరు లాంటిది. కొన్ని వీపీఎన్‌లు, యాడ్ బ్లాకర్లు, నెట్ ట్రాఫిక్ చూసే టూల్స్ అక్కడ సొంత ప్రాక్సీ నడుపుతూ బ్రౌజర్‌ను తమ వైపు తిప్పుకుంటాయి. పద్ధతిగా మూసేస్తే సెట్టింగ్‌ను వెనక్కి మారుస్తాయి. మధ్యలో హ్యాంగయినా, కరెంటు పోయినా అది అలాగే ఉండిపోతుంది. ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఒక్కోసారి పోదు. ఆ పోర్టులో పలికేవాళ్లు లేకపోయినా బ్రౌజర్ అక్కడికే వెళ్తుంటుంది. సెట్టింగ్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఉంటుంది కాబట్టి రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

పరిష్కారం: మాన్యువల్ ప్రాక్సీ ఆఫ్ చేయండి. అదే పేజీలో పైన సెటప్ స్క్రిప్ట్ (ప్రాక్సీ వివరాలను ఒక ఫైలు నుంచి తీసుకునే ఆప్షన్) ఆన్‌లో ఉంటే అదీ ఆఫ్ చేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఐటీ వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు. ఆటోమేటిక్‌గా గుర్తించే ఆప్షన్ అలాగే ఉండనివ్వండి. బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

రీస్టార్ట్ తర్వాత మళ్లీ ఆన్ అయితే, ఏదో ప్రోగ్రామ్ దాన్ని తిరిగి రాస్తోంది. ఊరికే ఆఫ్ చేస్తూ కూర్చోకండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్, ఆ తర్వాత టాస్క్ షెడ్యూలర్ (ప్రోగ్రామ్‌లను వాటంతటవే నడిపే విండోస్ టూల్) చూడండి. తెలియనిది ఉంటే తీసేసి, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేయండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: ఎవరు పెట్టారో తెలియని ప్రాక్సీ పనిచేస్తూ ఉంటే, మీ బ్రౌజింగ్ అంతా దాని చేతుల మీదుగానే పోతుంది.

ఫైర్‌ఫాక్స్ ఒక్కటే మొరాయిస్తే దాని సొంత నెట్‌వర్క్ సెట్టింగ్స్ చూడండి, జనరల్ పేజీ అడుగున ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో ప్రాక్సీ ఒక్కో వైఫైకి విడిగా సేవ్ అవుతుంది. మొబైల్ డేటా పనిచేసి ఇంటి వైఫై ఒక్కటే రాకపోతే, ఆ వైఫై పేరు మీద ఎడిట్‌లోకి వెళ్లి ప్రాక్సీని ‘నన్’ చేయండి.